అమ్మ పేరున్న రెండు క్యారేజీలు

మొన్న ఉండి నుంచి మా అక్క ఏలూరు వచ్చింది. ఇంటికి సున్నాలు వేయిస్తుంటే అటక మీద దొరికిందంటూ సంచిలోంచి నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ తీసి మా భోజనాల బల్ల మీద పెట్టింది. "ఖాళీగా ఎలా ఇస్తానురా? ఏదైనా చేసినప్పుడు ఇద్దామని దాచి, దాచిన సంగతే మర్చిపోయాను. ఇదిగో, కజ్జికాయలు పెట్టాను" అంది. మూత మీద మా అమ్మ పేరు ఉంది. నేను ఆ పేరు చదివి వంటింటి అలమర వైపు చూశాను. అక్కడా నాలుగు గిన్నెల క్యారేజీయే, దాని మూత మీదా మా అమ్మ పేరే. మా అమ్మకు జన్మలో ఉన్నది ఒక్కటే క్యారేజీ. మా ఆవిడ అలమరలోది తెచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టింది. పోయిన మనిషి ఒకేసారి రెండు గుమ్మాల్లోంచి వచ్చినట్టుంది నాకు.

అక్క మాత్రం తన ధోరణిలో తను ఉంది. "అమ్మాయ్, అప్పుడు ఇందులో నువ్వు పంపిన సున్నుండల రుచి మా పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు" అంది మా ఆవిడతో. మా ఆవిడ తెల్లబోయింది. "నేనా? నాకు సున్నుండలు చుట్టడం ఎక్కడొచ్చు వదినా? ఎప్పుడు చుట్టినా పిండిపిండిగా విడిపోతాయి కదా!" ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను మంచినీళ్ళ కోసం లేచాను. నీళ్ళు తాగుతుండగా మొదట నేతి వాసన గుర్తొచ్చింది. తర్వాత రైలు గుర్తొచ్చింది. ఆ తర్వాత, ఎవరూ చూడకుండా కూర్చుండిపోవాలనిపించింది.

అయిదేళ్ళ కిందటి మాట. నేను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం ఆఫీసుకి రోజూ పాసింజరులో వెళ్ళివచ్చేవాణ్ణి. మా పక్క సీటాయన భీమడోలులో ఎక్కేవాడు. కొల్లేటి అంచున ఒక ఊళ్ళో కాపురం. స్టేషనుకి మోటారు సైకిలు మీద వచ్చేసరికి ఆయన చొక్కాకి చేపల చెరువుల గాలి అంటుకుని ఉండేది. నాకంటే పదేళ్ళు చిన్న, మర్యాదలో మాత్రం నా కంటే పెద్ద. ఆ ఏడు వాళ్ళమ్మగారు కాలు విరిగి ఏలూరు ఆసుపత్రిలో పది రోజులున్నారు. ఆయన భార్య రోజూ ఊళ్ళో వండి బస్సులో పట్టుకొచ్చేది. వాళ్ళ క్యారేజీ గొళ్ళెం విరిగిందంటే నేనే మా అమ్మ క్యారేజీ ఇచ్చాను. ఆ పెద్దావిడ మూత మీది పేరు చదివి, కోడలు గదిలోకి రాగానే "అదిగో, సీతమ్మగారు వచ్చారు, అన్నం పెట్టండి" అనేదట. మా అమ్మ పేరు అలా ఒక ఆసుపత్రి వార్డులో పది రోజులు తిరిగిందని విని నాకు ముచ్చటేసింది.

పెద్దావిడ ఇంటికి చేరాక రెండు నెలలు గడిచాయి. అమ్మ క్యారేజీ అలమరలో లేదు. నేను ప్లాస్టిక్ డబ్బాలో అన్నం పట్టుకెళుతున్నాను. నోరు తెరిచి అడగడానికి మొహమాటం. మా వైపు ఇచ్చిన వస్తువు అడగడమంటే మనిషిని అనుమానించినంత పని. అందుకని ఒకరోజు, "ఈ డబ్బాలో పులుసు నిలవటం లేదండీ, సంచంతా కారిపోతోంది" అన్నాను. "ప్లాస్టిక్ అంతేనండీ" అన్నాడాయన సానుభూతిగా. ఇంకోరోజు వాళ్ళమ్మగారి కాలి గురించి మొదలుపెట్టి, ఆసుపత్రి మీదుగా, భోజనాల మీదుగా క్యారేజీ దాకా వద్దామనుకున్నాను. దారిలో కట్టు దగ్గరే ఆగిపోయాను. చివరికి ఒక ఉదయం పూళ్ళలో రైలు క్రాసింగు కోసం ఆగినప్పుడు, "ఏవండీ, తొందరేం లేదండీ. వీలున్నప్పుడే. మా అమ్మ క్యారేజీ మీ ఇంట్లో గానీ ఉండిపోయిందేమో, ఒక్కసారి చూస్తారా? లేకపోయినా ఫర్వాలేదండీ" అన్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏదో అనబోయాడు. "అయ్యో, చూస్తానండీ" అన్నాడు.

పది రోజులకి తెచ్చి ఇచ్చాడు. ఇక్కడే నా తప్పు చెప్పాలి. మా అమ్మ పేరు పాత్రల కొట్టువాడు సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టాడు, వరస కాస్త కిందికి జారుతుంది. ఆయన తెచ్చినదాని మీద పేరు మిషనుతో చెక్కినట్టు నున్నగా, తిన్నగా ఉంది. చూశాను. మా ఆవిడ కూడా, "ఇదేంటి, కొత్తదానిలా ఉంది?" అంది. "బాగా తోమి ఉంటారులే" అన్నాను. నా వస్తువు నాకు వచ్చింది, ఇక ఆ సంగతి ఎందుకులే అనుకున్నాను. ఆ తర్వాత ఆయన రైల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఎందుకో నాకర్థం కాలేదు. అడగనూ లేదు. అలాగే నేను రిటైరయ్యాను.

ఇప్పుడు నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డప్పుడు మొత్తం గుర్తొచ్చింది. నేను అడగడానికి చాలా ముందే, భీమడోలులో ఎక్కుతూనే ఆయన మా అమ్మ క్యారేజీ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పై గిన్నె నిండా సున్నుండలు. ఆ సాయంత్రం నేను ఇంటికి రాకుండా గూడెం నుంచి భీమవరం బస్సెక్కి, అటు నుంచి అటే ఉండి వెళ్ళాను. ఉత్త చేతులతో వెళ్ళలేక ఆ క్యారేజీ అక్క చేతికిచ్చాను. "మరదలు చేసిందా?" అంటే తలూపాను. ఆ చిన్న అబద్ధమే అసలు సంగతిని నా బుర్రలోంచి తుడిచేసినట్టుంది. లేక నేనే తుడిచేసుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన కొనిచ్చిన క్యారేజీలో బజారు మైసూర్‌పాకు పెట్టుకుని బయల్దేరాను. భీమడోలులో దిగి ఆటో ఎక్కితే దారికి రెండు పక్కలా చెరువులే. గట్ల మీద మేత బస్తాలు, నీళ్ళలో కదలకుండా నిలబడ్డ కొంగలు. ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. నేను అలవాటుకొద్దీ ఎండల గురించి మొదలుపెట్టాను. తర్వాత సిగ్గేసి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన నేల చూస్తూ విన్నాడు.

"మీరు కేకలేసి ఉంటే, ఇచ్చేశానండీ అని గట్టిగా అనేవాణ్ణి. అంత మెత్తగా అడిగేసరికి నాకే అనుమానం వచ్చింది. ఇచ్చానా, రైల్లో మర్చిపోయానా, అసలు ఇంట్లోంచి పట్టుకెళ్ళానా అని. ఇంట్లో అడిగాను. అడగటమే తప్పయిందండీ."

వంటింటి గుమ్మంలో ఆయన భార్య మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉంది. "ఇంకోసారి చెప్పండన్నయ్యగారూ" అంది.

"మీరు పంపింది నాకు అందిందమ్మా. నేనే మర్చిపోయాను."

"సున్నుండలతో?"

"పై గిన్నె నిండా."

ఆవిడ మొగుడి వైపు చూసింది. "విన్నారా? గిన్నెలు తోమి, సున్నుండలు పెట్టి పంపానంటే మీరు పేపరులో తల పెట్టారు. మీ అమ్మగారేమో, 'సీతమ్మగారిని మీ పుట్టింటికి సాగనంపావుటే' అనేవారు. నవ్వుతూనే అనేవారనుకోండి, అన్నయ్యగారూ. పాలవాడి ముందు కూడా నవ్వుతూనే అనేవారు."

"అమ్మగారు లోపలున్నారా? ఆవిడకీ నేనే చెబుతాను" అన్నాను.

"అమ్మ పోయి ఏడాది దాటిందండీ" అన్నాడాయన.

మజ్జిగ తాగాను. ఉప్పు ఎక్కువో తక్కువో కూడా తెలియలేదు. ఆవిడ మైసూర్‌పాకు పళ్ళెంలోకి వంచి, క్యారేజీ కడిగి, తుడిచి, గోడకున్న అత్తగారి ఫొటో కింద బల్ల మీద పేరు అటువైపు కనబడేలా పెట్టింది. "చూసుకోండి అత్తయ్యా. మా పుట్టింటికి వెళ్ళలేదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. గెలిచిన సంతోషమూ లేదు. కొంగుతో మూత మీది తడి ఇంకోసారి తుడిచింది.

వచ్చేటప్పుడు ఆవిడ నా చేతిలో సున్నుండల ప్లాస్టిక్ డబ్బా పెట్టింది. "ఈ డబ్బా మాత్రం తిరిగి ఇవ్వక్కర్లేదు అన్నయ్యగారూ" అంది. ఆయన ఫక్కున నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

భీమడోలు స్టేషన్లో రైలు ఆలస్యం. బెంచీ మీద కూర్చుని ఒక సున్నుండ నోట్లో వేసుకున్నాను. అప్పటివి నేను రుచైనా చూడలేదు, అన్నీ అక్క పిల్లలకే పోయాయి. రైలు ఆలస్యమైతే ఎన్ని నిమిషాలో మైకులో చెబుతారు. నేను ఆ ఇంటికి అయిదేళ్ళు ఆలస్యంగా వెళ్ళానో, ఒక్క ఏడాదే ఆలస్యంగా వెళ్ళానో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.