సోమవారం చనిపోయినందున...

నా చావు వార్తను నా చేత్తోనే టైప్ చేసి పంపిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

చేవెళ్లలో డిగ్రీ పాసైన ప్రతివాడూ హైటెక్ సిటీ వైపు చూస్తున్న రోజులవి. నాకూ ఓ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. రాతపరీక్షలో తప్పు వాక్యాలు దిద్దే భాగంలో అందరికంటే నాకే ఎక్కువ మార్కులు. ఆ పొగరుతో పెళ్లిపత్రికల్లోని ఇంగ్లిషుకు కూడా ఎర్రసిరాతో సున్నాలు చుట్టేవాణ్ణి. బుధవారం చేరాలనగా సోమవారం మా నాయనమ్మ పోయింది.

గడువు అడుగుతూ కంపెనీకి మెయిల్ పెట్టాలి. మా ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్ మూసి ఉండటంతో, మర్నాడు పొద్దున స్నేహితుడు మల్లేశంతో బండి మీద మొయినాబాద్ వెళ్లాను. మల్లేశం కూర్చుని "మై గ్రాండ్‌మదర్ డైడ్ ఆన్ మండే" అని కొట్టాడు.

"ఇది ఐదో తరగతి ఇంగ్లిష్‌రా. పెద్ద కంపెనీకి పెద్ద వాక్యం ఉండాలె" అని వాణ్ణి పక్కకు జరిపి నేను రాశాను: "హ్యావింగ్ డైడ్ ఆన్ మండే, ఐ కెనాట్ జాయిన్ దిస్ వీక్." అంటే, సోమవారం చనిపోయినందున నేను ఈ వారం చేరలేను.

"మరి నాయనమ్మ యాడున్నదిరా ఇందుల?"

"చదువుకున్నోళ్లకు అర్థమైతది. నువ్వు ఫికర్ చెయ్యకు."

అలాంటి వాక్యంలో చనిపోయింది ఎవరో, కామా తర్వాత వచ్చే మనిషిని బట్టి తెలుస్తుంది. కామా తర్వాత ఉన్నది నేను. పరీక్షలో ఇదే సూత్రం మీద నాలుగు ప్రశ్నలొస్తే నాలుగూ ఒప్పు రాసిన మేధావిని.

మేం కర్మకు కావలసిన సామాను కొనేలోపే కంపెనీ అమ్మాయి నేను దరఖాస్తులో ఇచ్చిన నంబరుకు, అంటే ఇంటి ముందరి మా కిరాణా దుకాణానికి, ఫోన్ చేసింది. బాపు ఎత్తాడు.

"మీ అబ్బాయి చనిపోయారని మెయిల్ వచ్చిందండీ. చాలా బాధగా ఉంది."

బాపు ఇంకేమీ అడగలేదట. పొద్దున బండి మీద పోయిన కొడుకు, ఆ రోడ్డు నిండా లారీలు. రిసీవర్ వేలాడుతుండగానే మొయినాబాద్ దవాఖానకు ఆటో ఎక్కాడు.

మేం ఇల్లు చేరేసరికి, నాయనమ్మ కోసం వచ్చిన చుట్టాలు నా కోసం ఏడుస్తున్నారు. అమ్మ నన్ను తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసింది. తర్వాత చెంప పగలగొట్టింది.

"బాపు నిన్ను దేవులాడనీకి దవాఖానకు పోయిండు. పోయి తోల్కరా."

బాపు దవాఖాన వరండాలో, తెల్లబట్ట కప్పిన స్ట్రెచర్ ఎదురుగా కూర్చున్నాడు. ఆ బట్ట ఎత్తి చూసే ధైర్యం లేక ఎంతసేపటి నుంచో అలాగే ఉన్నాడు.

"బాపూ" అన్నాను.

తిరిగి చూశాడు.

"నువ్వు పోయినవని వాళ్లకు ఎవలు చెప్పిన్రు?"

"నేనే చెప్పిన బాపూ."

"ఎట్ల?"

"ఇంగ్లిష్‌ల."

బాపు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "గిట్లాంటి ముచ్చట ఇంకోసారి తెలుగుల చెప్పురా" అన్నాడు. ఆ మాటకు నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ నొప్పి పుట్టింది.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేసి, బతికే ఉన్నానని విన్నవించుకున్నాను.

"సంతోషం సార్. కానీ మీ పేరు తీసేశాం. మళ్లీ పరీక్ష రాయాలి" అంది ఆ అమ్మాయి.

రాశాను. అంతకుముందే ఒక ఒట్టు కూడా పెట్టుకున్నాను. ఎవరు పోయారో ముందు చెప్పి, మిగతా సంగతి తర్వాత చెబుతాను. "హ్యావింగ్ డైడ్" అని మాత్రం చచ్చినా రాయను. చచ్చాక రాస్తే తప్పు లేదు, వ్యాకరణం ఒప్పుకుంటుంది.