అన్నయ్య వైపు నీళ్లు

కోడూరు దాటాక బస్సు కిటికీలోంచి కాలువ కొత్తనీటి బురదవాసన తగలగానే నాకు మళ్లీ ఒళ్లు మండింది.

చిన్నప్పుడు మా ఇంటి ముందు ఇదే కాలువ. ఎండాకాలం కాలువ కట్టేస్తే అన్నయ్య చెరువులో ఈదేవాడు. నేనూ దిగుతానంటే అమ్మ, "నీళ్లు కాగిపోతున్నాయి, వేడి చేస్తుందే" అనేది. చలికాలంలో అడిగితే, "జివ్వుమంటున్నాయి, జ్వరమొస్తుంది" అనేది. ఇక వేడీ చలీ లేని రోజు కోసం కాచుకు కూర్చున్నాను.

కాలువకు కొత్తనీరు వచ్చిన రోజు పరికిణీ ఎత్తిపట్టుకుని రేవులో మోకాళ్లదాకా దిగాను. నీళ్లు గోరువెచ్చగా, హాయిగా ఉన్నాయి. పక్కనే బట్టలుతుకుతున్న అమ్మ కేకేసింది.

"కొత్తనీళ్లవి, జలుబు చేస్తుంది. పైకి రా!"

"మరి అన్నయ్యకి చెయ్యదా?"

"వాడికేం చెయ్యదు."

అన్నయ్య కాస్త అవతల దబ్బుదబ్బున దూకుతున్నాడు. అటువైపు నీళ్లు వేరేమో అనుకుని, వెళ్లి చెయ్యి ముంచి చూశాను. ఇటువీ అటువీ ఒకటే! నమ్మలేక మళ్లీ ముంచాను. అమ్మ రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్లింది.

తడి పరికిణీతో నలుగురి ముందు గట్టెక్కడం గురించే అమ్మ భయమని పెద్దయ్యాక తెలిసింది. ఆ మాటే చెప్పి ఉంటే కనీసం పోట్లాడేదాన్ని.

వంతెన దగ్గర బస్సు ఆగింది. కాలువలో పిల్లలు ఈదుతున్నారు.

"నీళ్లెలా ఉన్నాయిరా?" అని కిటికీలోంచి అడిగాను.

"సూపర్‌గా ఉన్నాయండీ! మీకు తెలీదా?"

తెలుసు. మోకాళ్లదాకా.