మార్తమ్మ వేసిన చీటీ

మార్తమ్మ పదిహేనేండ్లుగా కాశిబుగ్గలో ఆశా వర్కరు. ఏ ఇంట్లో ఎవరి పిల్లలకు ఎప్పుడు టీకా పడాలో ఆమెకు నోటికే వచ్చు. ఇప్పుడు దాన్నంతా ఫోన్‌లోని ఒక యాప్‌లో ఎక్కించాలన్నారు. ఆ పనీ ప్రార్థన చేసుకున్నంత శ్రద్ధగా చేసేది, ఆ వాడలోని మహెక్‌కు కవలలు పుట్టేదాకా.

బాబు పేరు ఎక్కిస్తే ఎక్కింది. పాప పేరు ఎక్కించగానే బాబు పేరు మాయమైంది. ఒక కాన్పుకు ఒక్కరే అన్నట్టుంది ఆ యాప్ తీరు.

"మీ ఫోన్‌ల నా కొడుకు పుట్టనే లేదా అక్కా?" అని నవ్వుతూ అడిగింది మహెక్.

"ఫికర్ జేయకు బిడ్డా" అన్నది గానీ, ఫికరంతా మార్తమ్మకే. వచ్చే శుక్రవారం మహెక్ డోర్నకల్‌లోని అత్తగారింటికి పోతున్నది. అక్కడి నర్సమ్మకు ఈ పిల్లలు కొత్త. ఫోన్‌లో పేరున్నవాళ్లనే టీకాకు పిలుస్తుంది. పేరు లేని పిల్లవాణ్ణి ఎవరు యాది చేసుకుంటారు?

ఫిర్యాదు రాసే చోటు ఫోన్‌లోనే ఉంది. పన్నెండు గళ్లు, అన్నీ ఇంగ్లిషులో. రెండుసార్లు నింపింది. రెండుసార్లూ ఏదో గడి ఎర్రబడి, రాసిందంతా పోయింది.

ఇక ఆమెకు తెలిసిన దారి ఒక్కటే. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేసింది: "ప్రభువా, మహెక్ బాబు పేరు రాసి నొక్కిన, వచ్చింది. పాప పేరు రాసి నొక్కిన, బాబు పేరు పోయింది. మూడుసార్లు చేసిన, మూడుసార్లు గట్లనే అయింది. నీ దయవల్ల ఇద్దరు సల్లంగున్నరు. ఇద్దరి పేర్లుండాలె."

ఆ చీటీలు చదివి ప్రార్థించేవాళ్లలో ఏంజెల్ ఒకతె. ఆ యాప్ తయారుచేసిన చిన్న కంపెనీలోనే ఆమెకు ఉద్యోగం. చేతిరాత గుర్తుపట్టి, సోమవారం పొద్దున్నే చీటీ పట్టుకొని మార్తమ్మ వాకిట్లో నిలబడింది.

"దేవునికి రాస్తే నీకెట్ల చేరిందే?" అన్నది మార్తమ్మ.

"ఆయనే పంపిండనుకో అత్తమ్మా. మా ఆఫీసుకు రోజూ 'పనిజేస్తలేదు' అనే రాస్తరు. ఏం చేస్తే ఏమైందో, ఏం కావాలెనో నీలెక్క ఎవ్వరు చెప్పలే."

"మరి గా పన్నెండు గళ్లు ఎవరు పెట్టిన్రు?"

ఏంజెల్ తల దించుకున్నది. "నేనే."

మార్తమ్మ లోపలికి పోయి ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చింది.

గురువారానికి ఇద్దరి పేర్లూ ఫోన్‌లో నిలిచాయి. గళ్లు పోయి, వాటి చోట నొక్కి మాట్లాడే మైకు బొమ్మ ఒకటి వచ్చింది. కింద తెలుగులో మూడే ముక్కలు: ఏం చేశారు? ఏమైంది? ఏం కావాలి?

పది రోజులకు డోర్నకల్ నుంచి మహెక్ ఫోన్ చేసింది. "అక్కా, ఇద్దర్ని పేరు పెట్టి పిలిచిన్రు. ఇద్దరు ఒక్కతీరుగ ఏడ్చిన్రు!"

జవాబొచ్చిన మనవికి చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు ఇక్కడా చెప్పాలి కదా. మార్తమ్మ కొంగు తలమీదికి లాక్కొని, మైకు బొమ్మ నొక్కింది.

"ఏం చేసిన్నంటే, పిల్లల పేర్లు రాసిన. ఏమైందంటే, ఇద్దరికి టీకాలు పడ్డయి. ఏం కావాలంటే... ఇప్పటికైతే ఏమొద్దు తల్లీ. ఆమెన్."