మూడో గేరు పడని రోజు

మా అన్న లారీ గేరు మారిస్తే చెవికి తెలిసేది కాదు. మా ఆయన మార్చినా అంతే. మలయా దేశంలో బంటింగ్ చుట్టుపక్కల రబ్బరు తోటల్లో వీళ్ళిద్దరి పేరు వినని డ్రైవరు లేడు. అప్పటి లారీలకి గేరు ఊరికే పడేది కాదు. క్లచ్ తొక్కి, గేరు మధ్యలోకి తెచ్చి, కాలు తీసి, ఇంజను చప్పుడు విని, మళ్ళీ తొక్కి వెయ్యాలి. కాస్త అటూ ఇటూ అయితే బండి పళ్ళు నూరినట్టు గీపెట్టేది. ఆదివారం మధ్యాహ్నాలు డ్రైవర్లు తోటలోని తిన్నని ఎర్రమట్టి రోడ్డు మీద రెండేసి ఖాళీ లారీలు పక్కపక్కన నిలబెట్టి గేరు పందెం వేసుకునేవారు. రోడ్డు పొడవేం కాదు. గేర్లు ఎవరివి ముందు పడితే వాళ్ళదే గెలుపు. పక్క తోటల జనం సైకిళ్ళ మీద వచ్చి చూసేవారు. అందులో గొప్పేమిటో నాకైతే అర్థమయ్యేది కాదు. దుమ్ము లేస్తుంది, దుమ్ములో ఎవడో గెలుస్తాడు, ఆ దుమ్మంతా కూలీలకి వరసగా కట్టిన మా లైను ఇళ్ళలో ఆరేసిన బట్టల మీద పడుతుంది.

బావా బావమరుదులన్నాక ఎకసెక్కాలు తప్పవు. అవి లేకపోతేనే ఏదో తేడా వచ్చిందనుకుంటాం.

"మా బావకి మూడో గేరు ఎక్కడుందో పట్టపగలు దీపమెట్టి ఎతుక్కోవాల" అనేవాడు మా అన్న, నలుగురిలో.

"మీవోడికి ఎనక్కి తోల్డమే వొచ్చు లా. ముందుకెల్లాలంటే సెల్లిని అడగాల" అనేవారు మా ఆయన జనంతో, మలాయి వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి.

జనం పగలబడి నవ్వేవారు. ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాకి మాత్రం నవ్వు రాలేదు. అతను మనవాడు కాదు, మన వరస తెలీదు. ఈ ఇద్దరికీ పడదని, ఎవడు గొప్పో తేల్చుకోవాలని కొట్టుకుంటున్నారని వెళ్ళి తోట దొరకి చెప్పాడు.

అది ఎమర్జెన్సీ కాలం, అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకీ తెల్లవాళ్ళ సర్కారుకీ పోరు. లైన్ల చుట్టూ ముళ్ళకంచె, బియ్యం కొలిచి ఇవ్వడం, చీకటి పడితే కర్ఫ్యూ. దొర కారుకి చుట్టూ ఇనప రేకులు బిగించారు. ఆ బరువుతో అది దున్నపోతులా కదిలేది. తోట రెండో భాగానికి అడవిలోంచి ఎగువకి పోయే రోడ్డుంది. ఆ ఎక్కుడులో గేరు తగ్గించాలి. అక్కడ గేరు తప్పితే బండి ఆగిపోతుంది, బండి ఆగితే చెట్ల చాటునుంచి తుపాకులు పేలతాయి. ముందు నడిపిన డ్రైవరు కారుకి తూటాలు తగిలితే, బతికి బయటపడి, మర్నాడే పని మానేసి పోయాడు.

గుమాస్తా మాట విని దొర సంబరపడ్డాడు. ఇద్దరికీ పందెం పెడతానని, గెలిచినవాడే తన కారు డ్రైవరని చెప్పాడు. గెలిచినవాడికి ఇటుక గోడలున్న ఇల్లు, ఖాకీ బట్టలు. బహుమతి ఇస్తున్నాననే అనుకున్నాడు పాపం. దొర మాటని కాదనే నోరు లైన్లలో ఎవరికుంది?

మా అన్నకి ముగ్గురు ఆడపిల్లలు. నేను కడుపుతో ఉన్నాను. పందెం పొద్దున రామాలయానికి వెళ్ళి దీపం పెట్టి చేతులు జోడించాను. ఏం అడగాలో తెలీలేదు. మా ఆయన ఓడిపోవాలంటే మా అన్న గెలవాలి. అన్న ఓడిపోవాలంటే ఈయన గెలవాలి. "నీకే తెలుసు తండ్రీ" అని వచ్చేశాను. రాముడికి మాత్రం ఏం తోచి ఉంటుంది?

పందెంలో మొదటి గేరు, రెండో గేరు ఇద్దరివీ ఒక్కసారే పడ్డాయి. మూడో గేరు దగ్గర మా అన్న లారీ గీపెట్టింది. తోటంతా వినబడేలా గీపెట్టింది. లారీ జోరు తగ్గిపోయింది, మా ఆయన ముందుకి వెళ్ళిపోయారు. జనం ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో తెలీక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రానికే లైన్లలో రెండు మాటలు మొదలయ్యాయి. చెయ్యి జారిందని కొందరు, కావాలనే తప్పించుకుని బావని తుపాకుల ముందుకి తోశాడని కొందరు. మా అన్న చెయ్యి జారడం నేనెప్పుడూ చూడలేదు. కాబట్టి రెండో మాటే నమ్మాను. కోపమొస్తే నేను మనిషిని కాను. అన్నతో మాటలు మానేశాను. వాడు వాకిట్లోకి వస్తే తలుపు వేసేశాను. వాడు ఒక్క మాట అనలేదు, అదే నాకు మరీ ఒళ్ళు మండించింది. మా ఆయన్ని అడిగితే "పందెమన్నాక ఒకడు ఓడతాడు" అనేసి ఊరుకున్నారు. ఇద్దరి మధ్యా ఎకసెక్కాలు ఆగిపోయాయి. ఎదురుపడితే చుట్టాలింటికొచ్చిన పెద్దమనుషుల్లా మర్యాదగా మాట్లాడుకునేవారు. అదేమిటో అప్పుడు నాకు అంతు పట్టలేదు.

మా ఆయన రోజూ ఆ కారు తీసుకుని ఎగువకి వెళ్ళేవారు. వచ్చేదాకా నేను పొయ్యి మీద ఏం వండుతున్నానో నాకే తెలిసేది కాదు. రెండుసార్లు కారు రేకులు సొట్టలు పడి వచ్చాయి. రాయి తగిలిందన్నారు. రాళ్ళు అంత గుండ్రంగా ఎలా తగులుతాయో నేను అడగలేదు.

మెర్దేకా వచ్చింది, దేశానికి స్వతంత్రం. మా వైపు అడవి నెమ్మదించింది, కారుకి రేకులు విప్పేశారు. బాబుకి అప్పటికే నడక వచ్చేసింది, చెవులు మాత్రం కుట్టించలేదు. మేనమామ ఒడిలో కూచోబెట్టకుండా చెవులు కుట్టే ఆచారం మాకు లేదు. ఆ మేనమామతోనే నాకు మాటల్లేవు. "నీ పంతం నీ కొడుకు చెవులకెందుకే" అని మా అత్త దెప్పిపొడిస్తే, చివరికి కబురంపాను.

వాడొచ్చి బాబుని ఒళ్ళో కూచోబెట్టుకున్నాడు. బాబు గుక్కపట్టి ఏడ్చాడు. భోజనాలకి ఇద్దర్నీ పక్కపక్కనే కూచోబెట్టాను. పప్పు వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నా, ఆ రోజు మూడో గేరు కావాలనే తప్పించినావా?"

మా అన్న ఆకులోంచి తల ఎత్తలేదు. "మీ ఆయన అడిగినాడు సెల్లీ. తప్పించమని ఆయనే అడిగినాడు."

"నానేటీ అడగలేదు" అన్నారు మా ఆయన. "ఈడికి గేరు పడలేదు. నాను గెలిసినాను."

గరిటె నా చేతిలోనే ఉంది. ఎవరి మీద అరవాలో తెలీలేదు. ఒకడు అబద్ధమాడుతున్నాడు, ఎవడో అంతుచిక్కడం లేదు. చివరికి మొగుడి మీదే అరిచాను.

"నీకేటైనా అయ్యుంటే నాను ఏటయ్యేదాన్ని మావా? కడుపుతో ఉన్నాను కదా?"

ఆయన ఆకులోని మెతుకులు ఒకచోటికి చేర్చారు. తర్వాత మెల్లిగా అన్నారు. "మరి ఈడికేటైనా అయ్యుంటే? జన్మలో నా మొకం సూసేదానివా?"

సూసేదాన్ని అని వెంటనే అనాల్సింది. గరిటెడు పప్పు ఆయన ఆకులో వేశాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, పప్పు కలుపుకుని తినడం మొదలుపెట్టారు.