లింగం దిగిన బావి

అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో లింగం చేతికి వచ్చిన పనిసామాను గొడుగు ఒక్కటే. ఓవర్సీర్ మాణిక్‌రావు ఎండలో నిలబడి కొలతలు చూస్తుంటే లింగం వెనక నిలబడి గొడుగు పట్టాలి. నేల ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ పెట్టె మోయడానికి వేరే మనిషి ఉన్నాడు. దాని అద్దంలో కన్ను పెట్టి చూడడం ఓవర్సీర్ పని. లింగం హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఓవర్సీర్ కోర్సు చదివాడు. అలాంటి లెవెల్‌తోనే పరీక్ష పాసయ్యాడు. ఇక ఏడాది పాటు సైటు మీద పని నేర్చుకుంటే నౌకరీ వస్తుందని చెప్పి సంగారెడ్డి పంపారు.

"సాబ్, ఒక్క రీడింగ్ నేను తీస్త" అని అడిగాడు ఒకరోజు.

"తీద్దువు తీ. ఏం తొందరున్నది? ముందుగాల నిలవడుడు నేర్చుకో" అన్నాడు మాణిక్‌రావు.

ఒక మధ్యాహ్నం అందరూ చెట్టు కింద అన్నాలు తింటుంటే, లింగం లెవెల్ దగ్గరికి వెళ్లి అద్దంలో చూశాడు. మాణిక్‌రావు తిట్టలేదు. తినడం ముగించి, చేయి కడుక్కొని, జవానును పిలిచి లెవెల్ మీదా దాని మూడు కాళ్ల మీదా నీళ్లు చల్లించాడు. తర్వాత రుమాలుతో అద్దం తుడుచుకుని, ఏమీ జరగనట్టు రీడింగ్ తీసుకున్నాడు.

అది పంతొమ్మిదివందల యాభై అయిదు. అంటరానితనం నేరమని ఆ ఏడే చట్టం వచ్చింది. కచ్చేరిలో దాన్ని అందరి ముందూ చదివి వినిపించారు కూడా. చదివినవాళ్లలో మాణిక్‌రావు ఉన్నాడు.

లింగం ఊరు సంగారెడ్డి అవతలి కొండాపూర్ దగ్గర. తండ్రి సత్తయ్య రైతులకు మోటలు కుట్టేవాడు. ఎద్దులు లాగితే బావిలోంచి నీళ్లు మోసుకొచ్చే తోలు సంచులవి. చుట్టుపక్కల ఏ వరిమడికి పారే నీళ్లైనా సత్తయ్య కుట్టిన తోలు తాకకుండా పైకి రావు. అయినా సత్తయ్యకు దాహమైతే గట్టు దగ్గర దూరంగా కూర్చుని దోసిలి పట్టాల్సిందే. లెవెల్ మీద నీళ్లు చల్లిన సంగతి కొడుకు చెబితే ఆయన కుడుతున్న మోట పక్కన పెట్టాడు.

"నీ కోపం ఇంట్ల పెట్టి పో బిడ్డా. నౌకరి చేతికొచ్చినంక తీస్కపో" అన్నాడు.

లింగం కోపాన్ని ఇంట్లో పెట్టలేకపోయాడు. నోట్లోనే పెట్టుకుని పళ్లు బిగించి తిరిగాడు.

ఆ చలికాలం, పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వచ్చే బొంబాయి రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక ఊరికి మంచినీళ్ల బావి మంజూరైంది. ఆ ఊరి పేరు నేను రాయను. ఆ రోజుల్లో అంటరానితనం పాటించని ఊరేదో వెతికి చెప్పడమే కష్టం. రోడ్డు దిగి నడవాల్సిన సైటు కాబట్టి మాణిక్‌రావుకు అక్కడికి పోవడం ఇష్టం లేదు. మేస్త్రీ తాజ్ మొహమ్మద్‌ను ఇచ్చి లింగాన్ని పంపాడు. ఆ విధంగా గొడుగు తప్పింది.

బావి తన గడి ముందు, కోటలాంటి ఆ ఇంటి ముందు, పడాలని ఊరి పటేల్ నర్సారెడ్డి కోరిక. ఊరికీ మాదిగవాడకూ రెంటికీ అందేచోట తవ్వాలని మంజూరు కాగితంలో ఉంది. లింగం రెండింటికీ నడుమ ఉన్న మిట్ట మీద మేకు దిగ్గొట్టాడు. దానికి తాడు కట్టి, తాడు కొసన గునపం పట్టుకుని చుట్టూ తిరిగి నేల మీద గుండ్రంగా గీత గీశాడు. చదువుకున్న చదువుతో అతను ఈ భూమి మీద గీసిన మొదటి గీత అది.

తాజ్ మొహమ్మద్ సంగారెడ్డివాడు. బావులకు రాతికట్టు కట్టడంలో వయసు అరగదీసిన మనిషి. మొదటిరోజే మధ్యాహ్నం రొట్టెల మూట విప్పి, "దా బేటా, కూసో. మా ఇంటామె సర్వర్ బేగం పుంటికూర ఎక్కువనే పెట్టింది" అన్నాడు. లింగం కాస్త దూరంగా కూర్చోబోతే చేయి పట్టి దగ్గరికి లాగాడు. "గాడ కూసుంటే నా చెయ్యి అందుతదా? నేను ముసలోన్ని." ఇద్దరూ ఒకే గిన్నెలో రొట్టె ముంచుకుని తిన్నారు. దారానికి గుండు వేలాడదీసి రాతివరస నిలువు చూడడం, రాయి ఏ ముఖం బయటికి పెడితే సున్నం పట్టుకుంటుందో చూడడం లింగం అక్కడే నేర్చుకున్నాడు.

తవ్వడానికి వచ్చినవాళ్లంతా వాడ జనమే. వాళ్లలో సోమమ్మ అనే ఆమెకు నోరు ఎక్కువ. తట్ట నెత్తికెత్తుకుంటూ, "ఓ ఇంజినీరు కొడకా, నీళ్లు వడకపోతే నిన్ను పిండుకొని తాగుతం సూడు" అనేది. బండ వచ్చింది, బండను పగలగొట్టారు. మళ్లీ బండ వచ్చింది. ఒక పొద్దున గునపం దిగిన చోట తడి కనిపించింది. కాసేపటికి బురదనీళ్లు ఊరాయి. సోమమ్మ దోసిలి పట్టి, కళ్లు మూసుకుని తాగింది. అడుగున ఉన్నవాళ్లంతా తాగారు. లింగమూ తాగాడు. అప్పుడు మైల గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడేవాళ్లు ఎవరూ అంత లోతుకు దిగలేదు.

రాతికట్టు అయింది. పైన గోడ లేచింది, గిలక బిగించారు. సున్నం కొట్టిన మరునాడు సోమమ్మ కుండ తెచ్చి గోడ మీద పెట్టింది. పటేల్ మనిషి ఒకడు వచ్చి కుండను కాలితో తన్నాడు. కుండ పగిలింది.

"వాడోళ్లు ఆ బండ కాడ కుండలు పెట్టుండ్రి. ఊరి పనోడు సుంకరి తోడి పోస్తడు. గిలక ముట్టొద్దు" అని చెప్పి వెళ్లాడు.

లింగం సైకిలు తొక్కుకుంటూ సంగారెడ్డి వెళ్లి మాణిక్‌రావుకు చెప్పాడు. మాణిక్‌రావు చాయ్ తాగుతూ విన్నాడు.

"బాయి తవ్వుడు మన పని. ఎవలు తోడుకుంటరనేది మన పని గాదు."

"చట్టం వచ్చింది గద సాబ్! మీరే చదివిండ్రు."

"చట్టం హైదరాబాద్ల ఉంటది లింగం. నువ్వు ఈడ ఉంటవు. ఎల్లుండి బాయి అప్పజెప్పుడున్నది, ఒచ్చి నీళ్ల లోతు చూపియ్యి. గంతే."

లింగం ఏదో అనబోయాడు. తండ్రి మాట గుర్తొచ్చి బయటికి వచ్చేశాడు. కచ్చేరి గోడను కాలితో తన్ని బొటనవేలు పగలగొట్టుకున్నాడు.

అప్పగింత రోజు ఊరి పెద్దలంతా వచ్చారు. గోడకు మామిడాకులు కట్టారు. నర్సారెడ్డి తెల్లటి ధోవతిలో నిలబడ్డాడు. వాడవాళ్లు పగిలిన కుండ పెంకుల అవతల, దూరంగా నిలబడ్డారు.

"టేపు దించి లోతు చెప్పు" అన్నాడు మాణిక్‌రావు.

లింగం టేపును గోడ మీద పెట్టాడు. అంగీ విప్పి దాని పక్కన పెట్టాడు. గోడ దాటి, రాతికట్టులో దిగ్గొట్టిన ఇనుపమెట్ల మీదుగా దిగడం మొదలుపెట్టాడు. పైనున్నవాళ్లకు ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికి అతను ఛాతీ లోతు నీళ్లలో ఉన్నాడు.

"ఏయ్! ఎక్కు! ఎక్కుతవా లేదా?" నర్సారెడ్డి గొంతు బావి గోడలకు తగిలి పెద్దదైంది. "మైలవడ్డది! నీళ్లన్ని మైలవడ్డయి!"

"ఎప్పుడు వడ్డయి పటేలా?" లింగం కిందినుంచి అరిచాడు. "గియ్యాల్నా? బండ వలగ్గొట్టిన్నాడు మైల లేదా? సోమక్క ఈ బురదల నిలవడి తట్ట లేపిన్నాడు ఏడ వోయినవు? నీ పొలానికి మోట ఎవలు కుట్టిండ్రు? మా నాయినసొంటోళ్లు కుట్టిండ్రు! ఆ తోలు నీళ్లతోని పండిన బువ్వ తింటలేవా నువ్వు?"

"లింగం, పైకి రా! నీ సర్టిఫికెట్ సంగతి సూస్కో!" అన్నాడు మాణిక్‌రావు.

"రాను సాబ్. మీరు నీళ్లు తెప్పిచ్చి నన్ను గూడ కడిగియ్యుండ్రి. ఈడ మస్తు నీళ్లున్నయి."

ఎవడో రాయి విసిరాడు. అది లింగం భుజాన్ని గీసుకుని నీళ్లలో పడింది. ఇంకొకడు వంగి రాయి తీసుకుంటుంటే తాజ్ మొహమ్మద్ వచ్చి బావి గోడ ఎక్కి కూర్చున్నాడు.

"ఈ కట్టు నేను కట్టిన. రాయి ఏసేదుంటే నా మీద ఏయుండ్రి. ఏయుండ్రి సూస్త."

రాయి తీసినవాడు దాన్ని చేతిలోనే ఉంచుకున్నాడు. అంతలో సోమమ్మ ఇంకో కుండతో పెంకులు దాటి వచ్చింది. కుండను తాడుకు కట్టి దించింది. లింగం నింపాడు. ఆమె గిలక మీదుగా లాగింది. ఆమె వెనక మరొకామె వచ్చింది.

నర్సారెడ్డి ఉమ్మేశాడు. "మాకు ఈ బాయే వద్దు. మాదిగోళ్లకే ఇడిసిపెట్టుండ్రి" అని వెనక్కి తిరిగాడు. ఊరంతా ఆయన వెంట వెళ్లిపోయింది.

వాడ ఆడవాళ్లు నవ్వుతూ కుండలు దించుతున్నారు. లింగానికి నవ్వు రాలేదు. నీళ్లలో నిలబడి రాతికట్టును పిడికిలితో గుద్దుతూ ఏడ్చాడు. ఊరికీ వాడకూ నడుమ మేకు కొట్టి ఇద్దరికీ ఒక్క బావి కట్టాడు అతను. వాళ్లు దాన్ని కూడా వాడ బావి చేసి పోయారు.

మాణిక్‌రావు సర్టిఫికెట్ ఇవ్వలేదు. పై అధికారి పిలిపించి పటేల్‌కు క్షమాపణ చెబితే సరిపోతుందన్నాడు. "దిగుడు తప్పయితే తవ్వేటప్పుడు ఎందుకు ఆపలే సాబ్?" అని అడిగాడు లింగం. దానికి జవాబుగా ఇంకో ఏడాది శిక్షణ వచ్చింది. ఈసారి పటాన్‌చెరు దగ్గర రోడ్డు పని. కంకర కొలవాలి, రోలరు వెనక నడవాలి.

ఒకరోజు కంకర కుప్పల దగ్గరికి సోమమ్మ వచ్చింది. చంకలో మూట ఉంది. లింగం ఎదురు వెళ్లాడు.

"బాగున్నవా అక్కా? నీళ్లు మంచిగున్నయా?"

"నీళ్లున్నయి. కూలి లేదు." ఆమె కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి. "బాయిల దిగిన కాడికెంచి వాడోన్ని ఒక్కన్ని గూడ పొలంల అడుగు వెట్టనిస్తలేరు. నువ్వు దిగినవు, ఎక్కినవు, సైకిలేస్కొని వచ్చినవు. ఊర్లె ఉండేది మేము. మమ్ముల ఒక్కమాట అడిగినవా దిగేటప్పుడు?"

ఇన్నాళ్లూ లింగం కోపం పటేల్ మీద, మాణిక్‌రావు మీద. మొదటిసారి అది తన మీదికి తిరిగింది. అడగలేదు. నిజమే, అడగలేదు.

ఆ సాయంత్రమే తాజ్ మొహమ్మద్ దగ్గరికి వెళ్లాడు. ఆయన అప్పుడు అదే రోడ్డు కింద వాననీళ్లు పోవడానికి చిన్న మోరీలు కడుతున్నాడు. "చాచా, వాడ మొత్తానికి పని కావాలె" అన్నాడు. తాజ్ మొహమ్మద్ గడ్డం గోక్కుని, "మొత్తానికంటే ఎట్ల బేటా?" అన్నాడు గానీ, గుత్తేదారుతో పోట్లాడి సగం మందికి పైగా పెట్టుకున్నాడు. వాళ్ల ముఠాకు సోమమ్మే పెద్ద అయింది. వాళ్లు కోతలకు కూడా ఊరికి తిరిగి వెళ్లకపోయేసరికి పటేల్ మనుషులు రోడ్డు దాకా వచ్చి పిలిచారు. సోమమ్మ కంకర కొట్టడం ఆపలేదు. వాళ్లు రెండోసారి వచ్చి, కూలి పెంచుతామన్నాకే లేచింది.

యాభై ఏడులో లింగానికి సర్టిఫికెట్, ఆ వెనక నౌకరీ వచ్చాయి. కోపం తగ్గుతుందని సత్తయ్య ఆశపడ్డాడు. తగ్గలేదు. లింగం తాను కట్టించిన ప్రతి బావిలో అప్పగింతకు ముందు దిగేవాడు. ఇప్పుడు మాత్రం ముందుగా వాడలో కూర్చుని, దిగనా వద్దా అని అడిగేవాడు. వద్దన్న చోట దిగలేదు. ఆ రోజులు అతనికి అన్నిటికంటే కష్టంగా గడిచేవి. రెండేళ్లలో మూడుసార్లు బదిలీ చేశారు.

యాభై తొమ్మిది ఎండాకాలం ఏదో పనిమీద అటు వెళ్తూ ఆ ఊరి దగ్గర సైకిలు ఆపాడు. ఊళ్లో పాత బావి అడుగంటిందట. మిట్ట మీది బావి దగ్గర పటేల్ ఇంటి ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. సోమమ్మ తన కుండ నింపుకుని, తాడు వాళ్లకు ఇచ్చి పక్కకు జరిగింది. తాడు అందుకున్నామె సోమమ్మ ముఖం వైపు చూడలేదు.

వాళ్లు వెళ్లేదాకా లింగం ఆగాడు. తర్వాత విరుచుకుపడ్డాడు.

"ఎందుకు తోడనిచ్చినవ్ అక్కా? తన్నిన కుండ మర్చిపోయినవా? ఒక్క మాటన్న అన్నరా, తప్పయిందని?"

"అనలే. ఆల్లు అనరు."

"మరి?"

"మరేంది? నువ్వు నడుమ తవ్వింది గందుకే గద బిడ్డా. తొలుత నేను తోడుకున్న, వెనక ఆల్లు తోడుకున్నరు. గంత కాలిపోతే ఎట్ల?"

లింగం ఒప్పుకోలేదు. గిలక దగ్గరికి పోయి ఇరుసు ఒకవైపు అరిగిందని చూశాడు, మరమ్మతుకు ఎవరినైనా పంపారా అని కోపంగా అడిగాడు. లేదంటే, తానే సైకిలు సంచీలోంచి పానా తీసి ఎండలో కూర్చుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.