ఆత్రేయపురం యుద్ధంలో ఒక స్టీలు గిన్నె

ఆ రోజుల్లో నాకు తెలిసిన యుద్ధాలు రెండే. ఒకటి బళ్ళో టీవీలో చూపించింది, రెండోది మా ఇంట్లో జరుగుతున్నది. ముందు ఇంట్లోదే చెప్పాలి. ఆత్రేయపురంలో మాది నడిమి గోడతో రెండు వాటాలైన ఇల్లు. ఈ వాటాలో మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ. ఆ వాటాలో ఆవిడ తోడికోడలు, మా చిన్నమామ్మ. చిన్నతాతయ్య పోయాక ఒక్కర్తే ఉండేది. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగి రేకు తియ్యడం చిన్నమామ్మ పని, ఆ రేకులో నెయ్యీ పంచదారపొడీ వేసి పూతరేకు చుట్టడం మామ్మ పని. ఏళ్ళ తరబడి అలా సాగాక ఒకనాడు మామ్మ, సరుకు కోసం వచ్చిన పెళ్ళివారి ఎదుటే, "ఈమధ్య నీ రేకు అప్పడంలా ఉంటోందే" అంది. "చుట్టే చెయ్యి మొద్దుబారితే రేకేం చేస్తుందిలే అక్కయ్యా" అంది చిన్నమామ్మ. అంతే, ఆ పూట నుంచి మాటల్లేవు.

యుద్ధం మొదలైన రోజుకి చిన్నమామ్మ స్టీలు గిన్నె ఒకటి మా వంటింట్లో ఉండిపోయింది. వచ్చిన గిన్నెని ఖాళీగా తిప్పి పంపకూడదు (మా వైపు అంతకన్నా పెద్ద అమర్యాద లేదు). పోనీ ఏదైనా వేసి పంపుదామంటే పౌరుషం అడ్డు. అందుకని అది నాలుగు నెలలుగా అటక మీద బోర్లా పడి ఉంది, యుద్ధఖైదీలా.

నేనప్పుడు ఏడో తరగతి. సోషల్ మాస్టారు ఒక డాక్యుమెంటరీ వేశారు. యుద్ధం జరిగే చోటికి తెల్లజెండా కట్టిన లారీల్లో తిండీ మందులూ పట్టుకెళ్ళేవాళ్ళ మీద తీసినది. అందులో ఒక ముసలావిడ ఖాళీ గిన్నె పట్టుకుని వరసలో నిలబడి ఉంటుంది. అచ్చం మా చిన్నమామ్మ ఎత్తే. నాకు ఏడుపొచ్చేసింది. మాస్టారు టీవీ కట్టేసి, "చూశారా? తప్పెవరిదని వీళ్ళు అడగరర్రా. ఎవరి పక్షమూ పట్టరు. ఆవిడ గిన్నె ఖాళీగా ఉండకూడదు, అంతే వీళ్ళ పని" అన్నారు. దారిలో ఆ లారీల్ని దోచుకునేవాళ్ళు కూడా ఉంటారనీ, వాళ్ళంత పాపాత్ములు లేరనీ చెప్పారు. (ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.)

ఇంటికొచ్చేసరికి మామ్మ పెరట్లో అటూ ఇటూ తిరుగుతోంది. "నిన్నటి నుంచి అవతల పొయ్యి రాజెయ్యలేదు. ఒకటే మూలుగు" అని అంట్ల గిన్నెలతో చెబుతోంది. మాతో చెబితే ఓడిపోయినట్టవుతుందని కాబోలు. "వెళ్ళి చూడచ్చుగా మామ్మా" అంటే, "పిలవని పేరంటానికి నేనెళ్ళను" అంది.

ఇక ఊరుకుంటే లాభం లేదని, ఆరేసిన తాతయ్య పంచెలోంచి మూరెడు చింపి కర్రకి కట్టాను. (దానికి నాకు తర్వాత జరిగిన సత్కారం ఇక్కడ అప్రస్తుతం.) "మామ్మా, నాది ఏ పక్షమూ కాదు. బాధితులకి ఏమైనా పంపుతావా?"

"ఏ బాధితులే?"

"పేరు చెప్పకూడదు."

మామ్మ నన్నూ జెండానీ ఎగాదిగా చూసింది. "పేరు తెలియనివాళ్ళకైతే పెట్టొచ్చులే, పుణ్యం" అని ఖైదీని దింపించి, తోమి, మెత్తటి అన్నంలో మిరియాల చారు పోసింది. ఆ చారు ఎప్పుడు కాచి ఉంచిందో మరి! "నేను పంపానని చెప్పావో, వీపు చీరేస్తాను" అని కూడా అంది.

చిన్నమామ్మ మంచం మీద ముడుచుకుని ఉంది. జెండా చూసి, "ఏ రైలుకే ఊపుతావు?" అంది నీరసంగా. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఎవరు పంపారే?"

"చెప్పకూడదు చిన్నమామ్మా, మాకు రూల్సుంటాయి."

"ఇంగువ ఇంతలా గుమ్మరించే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది, చెప్పక్కర్లేదులే" అని మెతుకు మిగల్చకుండా తింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, వద్దన్నా వినకుండా గిన్నె కడిగి, జ్వరం రాకముందు తీసిన రేకులు నాలుగు మడిచి, పైన పంచదార జల్లి ఇచ్చింది.

ఇక్కడే మాస్టారు చెప్పిన దొంగలు దిగారు. పెరటిదారిన మా వాటాకి ముప్పై అడుగులుంటుంది. మొదటి రేకు, సరుకు బాగుందో లేదో చూడ్డానికి తిన్నాను. రెండోది, మొదటిది నిజంగా తిన్నానా అని అనుమానం వచ్చి తిన్నాను. మిగతా రెండింటికీ ఇప్పటికీ కారణం చెప్పలేను. లారీ నేనే, జెండా నేనే, దోచుకున్నదీ నేనే.

మామ్మ గిన్నెలోకి చూసింది. "ఖాళీ గిన్నె పంపిందా! నాకా!" నిజం చెబుదామా వద్దా అని లెక్కలు వేస్తున్నాను. ఈలోగా మామ్మ ఆ గిన్నె పుచ్చుకుని, నాలుగు నెలలుగా తొక్కని గడప దాటేసింది. జ్వరంతో పడున్న మనిషి మీదికి నావల్ల ఫిరంగి బయల్దేరిందని వెనకాలే పరిగెత్తాను.

"జ్వరమొస్తే మర్యాద కూడా పోతుందేంటే? ఖాళీ గిన్నె పంపుతావా?"

"అయ్యో రామ! నాలుగు రేకులు పెట్టాను అక్కయ్యా, నీ మీద ఒట్టు!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నా మూతి చుట్టూ పంచదార. మామ్మ చెయ్యెత్తింది. "ఉండు అక్కయ్యా" అని చిన్నమామ్మ ఆపి, "రేకులెలా ఉన్నాయే?" అని అడిగింది.

"నాలిక మీద పెడితే లేవు చిన్నమామ్మా, అందుకే నాలుగూ అయిపోయాయి" అని బావురుమన్నాను.

చిన్నమామ్మ మామ్మ కేసి చూసి, "అప్పడమన్నావు" అంది. ఎత్తిన చెయ్యి నా వీపు మీద పడలేదు. వెళ్ళి చిన్నమామ్మ నుదుటి మీద ఆగింది. "ఒళ్ళు కాలిపోతోంది. ఒక్క కేక వెయ్యకూడదటే, మొండిదానా?"

"నువ్వొస్తావో రావోనని" అంది చిన్నమామ్మ. జ్వరం తగ్గేదాకా మామ్మ మళ్ళీ మా వాటాలోకి రాలేదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. నేను కాకినాడలో ఉంటున్నాను. ఫోనులో యుద్ధవార్తలు చూస్తూ, గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు కనిపిస్తే ఇప్పటికీ ఏడుస్తాను. మొన్న అలాగే ఏడ్చి, కళ్ళు తుడుచుకుని పక్కకి చూస్తే, వంటింటి గట్టు మీద ఎదురు ఫ్లాటావిడ గిన్నె కనిపించింది. స్కూటరు పెట్టుకునే చోటు దగ్గర మాటామాటా అనుకున్న దగ్గర్నుంచీ, మూడు వారాలుగా అక్కడే బోర్లా పడి ఉంది. ఎంతైనా మామ్మ మనవరాలిని కదా! ఇవాళ దాన్నిండా పులిహోర పెట్టాను. జెండా కోసం ఇల్లంతా వెతికితే, మా ఇంట్లో పంచె కట్టేవాళ్ళే లేరు. పోనీలెండి, ఎదురు తలుపుకి నాలుగడుగులే. మధ్యలో దోచుకు తినడానికి కూడా దారి చాలదు.