బోడికోళ్ల వదిన

ఆ రోజు తప్పు నాదే. వదిన కోళ్లున్న దడి తలుపు వేయడం మరిచాను. నేను ముద్దుగా పెంచుకున్న పుంజు లోపలికి దూరి, ఒక బోడికోడిని నెత్తురు కారేలా పొడిచింది.

ఆ కోళ్లను సాకేది పెనుకొండలోని మా ఇంట్లో వదినే. గుడ్లు తగ్గాయని హిందూపురం దగ్గరి ఫారం వాళ్లు కోతకు పంపబోతుంటే అడిగి తెచ్చుకుంది. ఈకల్లేని ఒళ్లు, కత్తిరించిన ముక్కులు. ఇనుప బోనులోనే బతికిన వాటికి నేల మీద మేయడం తెలియదు. వదిన నానబెట్టిన నూకల పళ్లెం ముందు కూర్చుని, వేలితో టకటకా పొడిచి చూపించేది. వేలు ఆడినంతసేపూ నోరు తిడుతూనే ఉండేది: "గుడ్లు కావల్ల నాయాళ్లకి, రెక్క చాపేకి చోటియ్యరు!"

"పోనీలే వదినా, ఎట్లా కోతకు పోయే కోడేగదా" అన్నాను ఆ రోజు, నెత్తురోడే కోడిని చూసి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

"దాని ముక్కు కోసినోళ్లు నీ నాలుక కోసింటే బాగుండునప్పా!" అంటూ వదిన పళ్లెం నా కాళ్ల దగ్గర విసిరికొట్టింది.

కోడిని నా గదిలో పెట్టుకుని, పుండుకు పసుపు పూస్తూ వచ్చాను. అది లేచి నడిచిన రోజు వదినకు చూపించాను.

"సరే, నీ పుంజు యాడుండాది?" అంది.

"దొడ్లోనే."

వదిన ఆ కోడిని ఎత్తుకుని లోపలికి పోయింది. మధ్యాహ్నం బస్సుకు పుంజును చంకన పెట్టుకుని రొద్దం ఊరికి పోయి, స్నేహితుడికి ఇచ్చేసి వచ్చాను.